పులిపిరి మందులో పోయిన కొలత

పులిపిరికి మందు చెప్పలేని ఊరు తెలుగునాట దొరకదు. సున్నం, బట్టల సోడా కలిపి ముద్ద పెట్టమని ఒకరంటారు. జిల్లేడు పాలో జెముడు పాలో చుక్క వేయమని ఇంకొకరు. జీడి నూనె తాకించమనేవారూ, గుర్రం తోక వెంట్రుకతో మొదట్లో బిగించి కట్టమనేవారూ ఉన్నారు. వీటి గురించి వాదన వస్తే జనం రెండు పక్షాలుగా చీలిపోతారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసేది ఒక పక్షం. ఋషులిచ్చిన విజ్ఞానం, ఏ హానీ చేయదని నెత్తిన పెట్టుకునేది రెండో పక్షం. ఈ రెండు మాటలూ చరిత్ర ముందు నిలవవు. పైన చెప్పిన వాటిలో చాలావరకు నిజంగా పనిచేసే పదార్థాలే. పని చేస్తాయి కనుకే ప్రమాదకరమైనవి కూడా. ఆ సంగతి మన పూర్వ వైద్యులకు బాగా తెలుసు. అందుకే మందు ఎంత ఘాటుగా ఉండాలో, ఎంతసేపు ఉంచాలో, దేనితో ఆపాలో, ఎవరికి పెట్టకూడదో రాసి పెట్టారు. ఇంటి చిట్కాలో మందు పేరు ఉంది, ఆ నాలుగు కట్టుబాట్లూ లేవు. మన సంప్రదాయంలో పోగొట్టుకున్నది ఆ కొలతనే అని నేను వాదిస్తున్నాను.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఇప్పుడున్న రూపానికి దగ్గరగా వచ్చిందని చరిత్రకారులు భావించే సుశ్రుత సంహితనే తీసుకుందాం. అందులో చర్మం మీద మేకుల్లా గట్టిగా మొలిచే వాటిని చర్మకీలాలన్నారు. మొలల వ్యాధిని వివరించే నిదానస్థానం రెండో అధ్యాయంలోనే వీటి ప్రస్తావన వస్తుంది. వీటికీ, ఇలాంటి ఇతర చర్మపు పెరుగుదలలకూ చెప్పిన చికిత్స కోసి తీయడం, క్షారంతోనో నిప్పుతోనో కాల్చడం. ఆ క్షారం తయారీకి సూత్రస్థానంలో పదకొండో అధ్యాయం మొత్తం కేటాయించారు. అందులో పేర్కొన్న చెట్లలో చాలావాటికి తెలుగు పేర్లు చెబితే ఏ పల్లెటూరి మనిషైనా పోల్చుకుంటాడు: మోదుగ, రేల, జిల్లేడు, జెముడు, ఉత్తరేణి, కానుగ, అరటి, గన్నేరు, గురివింద. చెట్టును ముక్కలుగా కొట్టి గాలి తగలని చోట కుప్పపోసి, దానిలో సున్నపురాళ్లు వేసి, నువ్వు కట్టెతో అంటిస్తారు. మంట ఆరాక బూడిదను వేరుగా, కాలిన సున్నపురాళ్లను వేరుగా తీస్తారు. ఒక పాలు బూడిదకు ఆరు పాళ్లు నీళ్లో గోమూత్రమో కలిపి, 21 సార్లు వడకట్టి, పెద్ద బానలో గరిటెతో కలుపుతూ మెల్లగా కాస్తారు. ద్రవం తేటపడి, ఎర్రబారి, ఘాటెక్కి, వేలికి జారుడుగా తగిలినప్పుడు మళ్లీ వడకడతారు. ఆ తర్వాత సున్నపురాళ్లను, శంఖాలను ఎర్రగా కాల్చి, అదే క్షారజలంలో చల్లార్చి నూరి, ఆ ద్రవంలో కలిపి మళ్లీ వండుతారు. మరీ చిక్కగానూ మరీ పల్చగానూ కాకుండా ఉన్నప్పుడు దించి, ఇనుప పాత్రలో పోసి మూతి గట్టిగా కట్టి దాచమన్నారు.

ఈ పనిలో ఉన్న రసాయనం ఈనాటి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. చెట్ల బూడిదలో ఎక్కువగా ఉండేది పొటాషియం కార్బొనేట్. అది కొద్దిగా మండిస్తుందే గాని చర్మాన్ని తినేసేంత శక్తి దానికి లేదు. దానికి కాల్చిన సున్నం తోడైతే కార్బొనేట్ భాగం సున్నంతో కలిసి తెల్లటి మడ్డిగా అడుక్కి చేరుతుంది, పైన మిగిలిన నీటిలో పొటాషియం హైడ్రాక్సైడ్ అనే తీవ్రమైన దాహక పదార్థం ఉంటుంది. సున్నం కలపకుండా వండినదాన్ని సుశ్రుతుడు మృదుక్షారం అన్నాడు, కలిపినదాన్ని మధ్యమం అన్నాడు, చిత్రమూలం వంటి ఘాటైన మూలికలు ఇంకా చేర్చినదాన్ని తీక్ష్ణం అన్నాడు. రోగాన్ని బట్టి ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. మూత బిగించడానికి కూడా కారణముంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలితే ఈ క్షారం మళ్లీ కార్బొనేట్‌గా మారి బలం కోల్పోతుంది. కారణాన్ని వారు మన పద్ధతిలో వివరించి ఉండకపోవచ్చు. అనుభవంతో పట్టుకున్నారు, పట్టుకున్నదాన్ని తప్పకుండా రాశారు.

పెట్టే విధానంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. శలాకతో క్షారాన్ని ఆ చోట మాత్రమే పెట్టి, నూరు మాటలు పలికేంత సేపు ఆగమన్నారు. ఆ చోటు నల్లబడితే పని అయినట్టు. తర్వాతి వైద్యగ్రంథమైన వాగ్భటుడి అష్టాంగహృదయం ఈ గుర్తును మరింత స్పష్టం చేసింది: సరిగా కాలిన చోటు పండిన నేరేడు పండు రంగుకు తిరిగి కొద్దిగా లోపలికి కుంగి ఉండాలి. ఆ వెంటనే పుల్లటి ద్రవాలతో క్షారాన్ని చల్లార్చాలి. వాటిలో కాంజికం ఒకటి, మన ఇళ్లలో ఒకప్పుడు ఉండిన తరవాణి వంటిది. తర్వాత నెయ్యి, అతిమధురం పూయాలి. పులుపు కూడా వేడి చేసేదే కదా, నిప్పులాంటి క్షారాన్ని అది ఎలా చల్లారుస్తుందనే శంకను సుశ్రుత సంహితే లేవదీసి, రుచుల సిద్ధాంతంతో సమాధానం చెప్పింది. క్షారంలోని ఉప్పదనం పులుపుతో కలిసి తీవ్రత వదిలేస్తుందన్నారు. ఆమ్లం, క్షారం కలిస్తే రెండూ శాంతించి లవణం ఏర్పడుతుందన్న సంగతికి ఇది ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. ఇక ఎవరికి పెట్టకూడదో చెప్పే జాబితా చాలా పొడుగు. పసివాళ్లు, వృద్ధులు, బలహీనులు, భయస్తులు, గర్భిణులు, జ్వరం ముదిరినవారు, ప్రమేహ రోగులు అందులో ఉన్నారు. మర్మస్థానాల మీద, నరాల మీద, కీళ్ల మీద, కళ్ల దగ్గర వద్దన్నారు. తెలివితక్కువవాడి చేతిలో క్షారం విషంతో, పిడుగుతో, మృత్యువుతో సమానమని కూడా హెచ్చరించారు.

ఇంత పక్కాగా ఉండటం వల్లే దీని ప్రాచీనతను శంకించినవారున్నారు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902లో వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటంలో ఈ క్షారపాకాన్ని ఎంతో మెచ్చుకుని చూపించారు. ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలో ఆ గ్రంథాన్ని సమీక్షిస్తూ, ఇంత కచ్చితమైన పద్ధతి యూరోపియన్ రసాయనం తెలిశాక ఎవరో చేర్చినది కావచ్చని అనుమానపడ్డాడు. రాయ్ సమాధానం సూటిగా ఉంది. అదే పద్ధతి వాగ్భటుడిలోనూ ఉంది, తర్వాతి వైద్యగ్రంథకర్త చక్రపాణిలోనూ ఉంది. యూరోపియన్లు ఈ నేలకు రాకముందే శతాబ్దాలుగా చేతులు మారుతూ వచ్చిన గ్రంథాలవి. ఒక గ్రంథంలో ఒక అధ్యాయాన్ని చేర్చవచ్చు గాని, వేర్వేరు కాలాల్లో వేర్వేరు వ్యాఖ్యాతలు ఎత్తిరాసిన విషయాన్నంతా ఒకేసారి చేర్చడం ఎవరి తరమూ కాదు. ఈ వాదనలో రాయ్‌దే పైచేయి అని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు మన సున్నం, బట్టల సోడా ముద్దను దీని పక్కన పెట్టి చూద్దాం. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్. తడి సున్నం దానితో కలిస్తే జరిగేది అక్షరాలా పైన చెప్పిన చర్యే. పొటాషియం బదులు సోడియం వస్తుంది, అంతే తేడా. సబ్బుల కర్మాగారాల్లో వాడే కాస్టిక్ సోడా మన అరచేతిలో తయారవుతుంది. బెజవాడలోనో వరంగల్లులోనో ఒక గృహిణి రెండు చిటికెల పొడులు కలిపితే వచ్చేది సుశ్రుతుడి మధ్యమ క్షారానికి సోదరి. అయితే పల్లెటూరి చిట్కా సుశ్రుతుడి నుంచే దిగివచ్చిందని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. చౌడు మట్టితో బట్టలుతికే రజకుల అనుభవం నుంచి, తాంబూలంలో సున్నం ఎక్కువై నోరు పొక్కిన అనుభవం నుంచి ఎవరైనా స్వతంత్రంగా కనిపెట్టి ఉండవచ్చు. దారి ఏదైనా చేరిన పదార్థం ఒకటే. చేరని వాటి సంగతే నాకు ముఖ్యం. ముద్ద ఎంత ఘాటో తెలిసే మార్గం లేదు. మండేదాకా ఉంచమని ఒకరు, రాత్రి పెట్టి పొద్దున కడగమని ఇంకొకరు. చల్లార్చే మాటే రాదు. క్షారం ఆమ్లం లాంటిది కాదు. ఆమ్లం పడిన చోట చర్మంలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఒక అడ్డుగోడ ఏర్పడుతుంది. క్షారం కొవ్వును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను కరిగించి, తీసేయకపోతే ఇంకా ఇంకా లోపలికి దిగుతుంది. నూరు మాటలకూ ఒక రాత్రికీ తేడా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. కొలతలు లేకుండానే ఎంతోమందికి నయమైంది కదా, వాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పులిపిరి స్వభావమే సాక్షిని మోసం చేస్తుంది. 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పె చూఫో పులిపిర్లను నూరి, బాక్టీరియా కూడా దాటలేని వడపోత గుండా తీసిన ద్రవాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. అక్కడ పులిపిర్లు మొలిచాయి. దానితో ఇది వైరస్ పని అని తేలింది. ఈ వైరస్ చర్మపు పైపొరల్లోనే కాపురం చేస్తుంది, నెత్తురులోకి రాదు, అందువల్ల శరీర రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం గుర్తించదు. గుర్తించిన రోజున మాత్రం కొద్ది వారాల్లోనే, ఒక్కోసారి ఒంటి మీద ఉన్నవన్నీ ఒకేసారి రాలిపోతాయి. 1963లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పిల్లల్లో మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండేళ్లలో వాటంతటవే పోయాయి. ఆ రెండేళ్లలో ఎవరు ఏ మందు వేసినా, చివరగా వేసిన మందుకే పేరు వస్తుంది.

ఫ్రాన్సిస్ బేకన్ కథ దీనికి మంచి ఉదాహరణ. ఆధునిక ప్రయోగ పద్ధతికి ఆద్యుల్లో ఒకడైన ఆ ఇంగ్లీషు తత్వవేత్త చనిపోయాక, 1627లో వెలువడిన గ్రంథంలో ఇది ఉంది. కుర్రతనంలో పారిస్‌లో ఉండగా అతని చేతుల నిండా పులిపిర్లు లేచాయి. ఇంగ్లీషు రాయబారి భార్య వాటిని పందికొవ్వు ముక్కతో రుద్ది, ఆ ముక్కను దక్షిణం వైపు కిటికీకి ఎండ తగిలేలా మేకుతో కొట్టింది. కొవ్వు కరిగిపోయింది, ఐదు వారాల్లో పులిపిర్లూ పోయాయి. చిన్నప్పటి నుంచి ఉన్నది కూడా పోయిందని బేకన్ రాశాడు. తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌లో భక్తులు ఉప్పు, మిరియాలు సమర్పించే ఆచారంలోనూ ఉప్పు కరిగినట్టు పులిపిరి కరగాలన్న కోరికే ఉంది. జ్యూరిక్ చర్మవైద్యుడు బ్రూనో బ్లాక్ 1927లో ఈ నమ్మకపు చికిత్సను వైద్యశాలకే తెచ్చాడు. చప్పుడు చేసే యంత్రం ముందు రోగిని కూర్చోబెట్టి, పులిపిరికి రంగు పూసి, అది పోయేదాకా కడగవద్దని పంపించేవాడు. చాలామందికి పోయాయి. వీటిలో ఏది నమ్మకం వల్ల పోయింది, ఏది కాలం వల్ల పోయిందో తేల్చాలంటే మందు వేయనివారిని పక్కన పెట్టుకుని లెక్క చూడాలి. 2002లో అమెరికాలో రెండు చికిత్సలను పక్కపక్కన పెట్టి పోల్చి, మామూలు డక్ట్ టేప్ అంటించుకున్న పిల్లల్లో 85 శాతం మందికి పోయాయని, అతి చలితో గడ్డకట్టించే చికిత్సలో 60 శాతమేనని ప్రకటించారు. 51 మందితో చేసిన చిన్న పరీక్ష అది. తర్వాత 2006, 2007ల్లో నెదర్లాండ్స్‌లోనూ అమెరికాలోనూ చేసిన పరీక్షల్లో టేపుకు ప్రత్యేకమైన ప్రభావం కనబడలేదు. పక్కింటావిడకు తగ్గిందన్న మాట రుజువు కాదనడం ఆవిడను అవమానించడం కాదని ఇందువల్లే అంటున్నాను.

అయితే అన్నీ కాలం చేసిన పనులే అనుకుంటే అది రెండో పొరపాటు. మొక్కల పాలు, రసాల్లో కొన్నింటికి నిజమైన శక్తి ఉంది. జెముడు జాతికి చెందిన ఒక చిన్న మొక్కను ఆస్ట్రేలియాలో రేడియం మొక్క అంటారు. దాని పాలను అక్కడి జనం తరతరాలుగా పులిపిర్ల మీద, ఎండకు లేచిన మచ్చల మీద పూసేవారు. ఆ పాలలోని ఇంజెనాల్ మెబ్యుటేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ముఖానికి 0.015 శాతం, ఒంటికి 0.05 శాతం జెల్లుగా తయారుచేశారు. ఎండ దెబ్బకు చర్మం మీద లేచే పొలుసు మచ్చల కోసం 2012లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. ముఖానికి మూడు రోజులు, ఒంటికి రెండు రోజులు, అంతకు మించి వాడకూడదన్నారు. ఇంత పలచన చేసి ఇన్ని హద్దులు పెట్టినా, పూసిన చోట చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతోందన్న ఆందోళనతో 2020లో యూరప్‌లో ఆ మందు మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. మన పొలం గట్ల మీది కాడజెముడు పాలకు శాతమూ లేదు, రోజుల లెక్కా లేదు. చుక్క కంట్లో చిందితే చూపుకే ముప్పు.

పోడోఫిలం కథ ఇంకా నేర్పుతుంది. హిమాలయాల్లోనూ ఉత్తర అమెరికాలోనూ పెరిగే ఈ మొక్కల వేరుజిగురు జననాంగాల మీద లేచే పులిపిర్లకు పనిచేస్తుందని 1942లో అమెరికా వైద్యుడు కాప్లన్ ప్రకటించాడు. అందులోని పోడోఫిలోటాక్సిన్ కణం రెండుగా చీలకుండా అడ్డుకుంటుంది. వైద్యుడి చేతనే పూయించుకోవాలి, కొద్ది గంటల్లో కడిగేయాలి, గర్భిణులకు వాడకూడదు అన్న నిబంధనలు దాని వెంటే వచ్చాయి. ఎక్కువ చోట పూసినా, ఎక్కువసేపు ఉంచినా చర్మం గుండా ఒంట్లోకి ఇంకి ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. శలాక, నూరు మాటలు, గర్భిణులకు నిషేధం అన్న సుశ్రుతుడి కట్టుబాట్లు ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో మళ్లీ పుట్టడం యాదృచ్ఛికం కాదు. కణాలను నాశనం చేసే ఏ మందుకైనా ఈ హద్దులు తప్పవు. నల్లజీడి గింజ సంగతీ అంతే. దాని రసంతో రజకులు బట్టలకు చెరగని గుర్తులు పెట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడికి వచ్చిన అమెరికన్ సైనికులకు సరిగ్గా ఆ గుర్తు తగిలిన చోటే చర్మం పొక్కి పుండ్లు పడ్డాయని వారి వైద్యులు రాశారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను అడిగితే జీడి నూనె శక్తి ఏమిటో అవే చెబుతాయి.

చర్మవైద్యులు చేసేది కూడా కాల్చడమే కదా, మరి వాళ్లకు డబ్బెందుకు పోయాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించినా, విద్యుత్తుతో కాల్చినా అది దహనమే. పులిపిరి వైరస్‌ను నేరుగా చంపే మందు ఈనాటికీ వాడుకలోకి రాలేదు. తేడా అంతా సెకన్ల లెక్కలో, చేసే చేతికున్న శిక్షణలో ఉంది. అంతకంటే ముందు, అది పులిపిరేనా అని గుర్తుపట్టడంలో ఉంది. చర్మకీలమన్న పేరు కింద పూర్వులు చూసినవన్నీ ఈనాటి పులిపిర్లే అని చెప్పలేం. ఈనాడు ఇంట్లో పులిపిరి అనుకున్నది ఆనికాయ కావచ్చు, కాడతో వేలాడే తోలు బుడిపె కావచ్చు, అరుదుగా చర్మ క్యాన్సరూ కావచ్చు. గుర్రం వెంట్రుక పనిచేసేది సన్నని కాడ ఉన్నదానికే, ఎందుకంటే నెత్తురు అందకపోతే అది ఎండి రాలుతుంది. అరికాల్లో లోపలికి దిగిన పులిపిరికి ముడి వేయడానికి చోటే ఉండదు. డబ్బు విషయానికొస్తే, విల్లో చెట్టు బెరడులోని పదార్థం నుంచి 1838లో ఇటలీవాడు పిరియా తయారుచేసిన సాలిసిలిక్ ఆమ్లం ఈనాడు ఏ మందుల షాపులోనైనా చౌకగా దొరుకుతుంది. సీసా మీద 17 శాతమని రాసి ఉంటుంది, ఎన్ని వారాలు పూయాలో కాగితం మీద ఉంటుంది, మధుమేహం ఉన్నవారు సొంతంగా వాడవద్దని హెచ్చరికా ఉంటుంది. పరీక్షల్లో అది చూపిన ప్రభావం మధ్యరకమే, కాని ఉందన్నది నిజం. అదీ ఒకప్పుడు చెట్టు మందే, కొలతను పోగొట్టుకోని చెట్టు మందు.

మన క్షారానికి కూడా అలా గౌరవం దక్కిన ఘట్టం ఒకటి ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే, ఆయన సహచరులు 1960లలో క్షారసూత్రాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చారు. దారానికి జెముడు పాలు 11 సార్లు, అదే పాలతో కలిపి ఉత్తరేణి క్షారం 7 సార్లు, పసుపు 3 సార్లు పట్టించి ఆరబెడతారు. భగందరం (మలద్వారం పక్కన గొట్టంలా పడే పుండు) రోగులపై భారత వైద్య పరిశోధన మండలి వివిధ ఆస్పత్రుల్లో పరీక్షించి 1991లో ఫలితాలు ప్రకటించింది. మానడానికి శస్త్రచికిత్స కంటే ఎక్కువ వారాలు పట్టింది. జబ్బు తిరగబెట్టింది మాత్రం శస్త్రచికిత్స చేసినవారిలో 11 శాతం, క్షారసూత్రం కట్టినవారిలో 4 శాతం. పొలం గట్టు మీది జెముడు, ఉత్తరేణే ఆ దారంలోనూ ఉన్నాయి. ఎన్ని పూతలు, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది నిర్ణయించడం వల్ల అవి చికిత్స అయ్యాయి.

అందుకే పత్రికల్లో, వీడియోల్లో మూలికా చిట్కాలు చెప్పేవారికి నా విన్నపం ఒక్కటే. మందు పేరు పక్కనే దాని బలం, ఉంచాల్సిన సమయం, ఆపే పద్ధతి, పెట్టకూడని మనుషుల జాబితా కూడా చెప్పండి. అవి తెలియకపోతే ఆ చిట్కా చెప్పకండి. పాఠకులకు కూడా ఒక మాట. పిల్లల చేతి మీది పులిపిరి బాధపెట్టనంత వరకు దాన్ని వదిలేసినా తప్పు లేదు. ముఖం మీద, జననాంగాల మీద వచ్చినదాన్ని, రంగు మారుతున్నదాన్ని, నెత్తురు కారుతున్నదాన్ని ఇంట్లో ముట్టుకోకుండా చర్మవైద్యుడికి చూపించండి. సున్నం ముద్ద ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే తీసేసి, చాలాసేపు ధారగా నీళ్లు పోసి కడగండి.